కాఫీ లిక్యూర్ చీజ్‌కేక్ బార్స్: కాఫీ రుచి రాలేదు, అడుగు మెత్తబడింది, పైన బీటలు పడినాయి అన్న చెల్లెమ్మకి

అమ్మా, మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పేస్తాను, తర్వాత చదివే వాళ్ళకి కూడా తెలుస్తాది. మీరు తిరుపతిలో ఉంటారు, ఇంట్లో చిన్న ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) ఉంది, మీ ఆయన ఫ్రెండ్స్ వస్తారని కాఫీ లిక్యూర్ (కాఫీ రుచి ఉండే తియ్యటి మద్యం) వేసి చీజ్‌కేక్ బార్స్ చేసినారు, 8 అంగుళాల చదరం ట్రేకి 120 ఎం.ఎల్ కహ్లూవా (కాఫీ లిక్యూర్‌లో ఒక బ్రాండు) పోసినా కాఫీ రుచి తెలీలేదు, కింద బిస్కెట్ తడిసి మెత్తగా అయిపోయింది, పైన మధ్యలో బీటలు పడినాయి. ఇంకా, అత్తగారు గుడ్డు తినరు ఆమెకి ఎట్లా చేయాల, బేక్ చేస్తే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతాది కదా పిల్లలకి పెట్టొచ్చా, అని అడిగినారు. నేను చానా ఏళ్ళుగా ఇంట్లోనే కేకులు, చీజ్‌కేకులు ఆర్డర్ మీద చేస్తా ఉన్నాను, మన ఊరి ఎండకి, మన కరెంటుకి, మనకి దొరికే సామాన్లకి ఏది పని చేస్తాదో దాన్నే చెప్తాను.

మొదట ఒక మాట, మీకొచ్చిన మూడు కష్టాల్లో రెండు ఒకే చోట నుంచి వచ్చినాయి, ఆ 120 ఎం.ఎల్ నుంచి. కాఫీ లిక్యూర్ నుంచి కాఫీ రుచి వస్తాది అనుకుంటాం, కానీ అందులో సగం దాకా చక్కెర పాకమే, మిగతాది ఆల్కహాల్, నీళ్ళు, కాఫీ. కహ్లూవా 1936లో మెక్సికోలోని వెరాక్రూజ్‌లో పుట్టింది, రమ్ము, అరబికా కాఫీ, చక్కెర, వెనిలా కలిపి చేస్తారు, ఆల్కహాల్ దేశాన్ని బట్టి 16 నుంచి 20 శాతం దాకా ఉంటాది. గ్లాసులో పాలతోనో ఐస్‌తోనో తాగితే దాని కాఫీ బాగా తెలుస్తాది గానీ, అర కేజీ చీజులో, ఆ కొవ్వులో, ఆ పులుపులో పడితే మునిగిపోతాది. రుచి చాల్లేదని ఇంకా పోస్తే పిండి పలచన అవుతాది, గట్టిపడడానికి ఇంకా సేపు ఓవెన్‌లో పెట్టాల్సొస్తాది, అంచులు ఎండిపోయి బీట కొడతాది, ఆ ఎక్కువైన తడి కిందికి దిగి బిస్కెట్‌ని తడిపేస్తాది. అందుకే కాఫీ రుచిని కాఫీ పొడి నుంచే తెచ్చుకోండి, లిక్యూర్‌ని చివర్లో నోట్లో నిలిచే ఆ తియ్యటి ఘాటు కోసం మాత్రమే వాడండి. ట్రే మొత్తానికి 45 ఎం.ఎల్, అంటే మూడు టేబుల్ స్పూన్లు, అంతే. అది దాటొద్దు.

ఇక కాఫీ ఏది వేయాల అంటే, ఇన్‌స్టంట్ పొడే మేలు, ఎందుకంటే దాంతో నీళ్ళు రావు. బ్రూ, సన్‌రైజ్ లాంటి వాటిలో చికోరీ కలిసుంటాది, నెస్కెఫే క్లాసిక్ లాంటివి ఉత్త కాఫీ. చికోరీ ఉన్నది వేస్తే రంగు బాగా వస్తాది, ఒక రకం చేదు వస్తాది, కానీ కాఫీ వాసన మందంగా ఉంటాది, కాబట్టి ఈ వంటకి చికోరీ లేనిదే తీసుకోండి, టేబుల్ స్పూన్ నిండా. దాన్ని నేరుగా చీజులో వేస్తే చుక్కలు చుక్కలుగా కనపడతాది, కరగదు. ఒక టేబుల్ స్పూన్ వేడి నీళ్ళలో ముందు కరిగించి, చల్లారినాక లిక్యూర్‌లో కలిపి పక్కన పెట్టుకోండి. కొందరు ఫిల్టర్ డికాక్షన్ పోస్తారు, మనకి పొద్దున్నే డికాక్షన్ ఎట్లాగూ ఉంటాది కాబట్టి ఆశ పుడతాది, కానీ ఎంత చిక్కటి డికాక్షన్ అయినా చాలా వరకు నీళ్ళే, అది వేయాలంటే చిన్న మంట మీద మూడో వంతుకి మరిగించి వేయాల. అట్లా మరిగిస్తే కొంచెం మాడు చేదు వస్తాది, నాకైతే ఈ తీపిలో అది బాగానే ఉంటాది, అందరికీ నచ్చదు.

చీజ్ సంగతి. అమూల్ గానీ డిలెక్టా గానీ ఫిలడెల్ఫియా గానీ ఏదైనా పర్లేదు, డబ్బా మీద క్రీమ్ చీజ్ అని ఉండాల, చీజ్ స్ప్రెడ్ అని ఉంటే మాత్రం తేవొద్దు. స్ప్రెడ్ వేరే, అందులో ప్రాసెస్డ్ చీజు, నీళ్ళు, ఉప్పు ఎక్కువ, బ్రెడ్డుకి రాసుకోవడానికి చేసింది. చానా మంది పేరు చూసి రెండూ ఒకటే అనుకుంటారు, అందుకే ఇంత గట్టిగా చెప్తా ఉన్నాను. 400 గ్రాములు క్రీమ్ చీజ్ కావాల, దాంతో పాటు 100 గ్రాములు గట్టి పెరుగు, అంటే బట్టలో వేలాడదీసిన పెరుగు. ఈ పెరుగు విషయంలో మనం అదృష్టవంతులం, ఉమ్మడి చిత్తూరు జిల్లా అంటే పాల జిల్లా, మంచి వెన్న ఉన్న పాలు ఇంటి ముందుకే వస్తాయి, అట్లాంటి పాలు తోడుపెట్టి పలచటి బట్టలో కట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లోనే రాత్రంతా ఉంచండి, పెరుగు దాదాపు సగానికి వస్తాది. బయట కొక్కేనికి వేలాడదీస్తే మన ఎండాకాలంలో తెల్లారేసరికి పులిసిపోతాది, ఆ పులుపు కాఫీ పక్కన అస్సలు బాగుండదు. బంధువుల ఇంట్లో పుంగనూరు ఆవు పాలు దొరికితే ఆ పెరుగు చేసి చూడండి, ఆ పాలల్లో వెన్న ఎక్కువ, పెరుగు చేతికి మైనంలాగా ఉంటాది.

అడుగు పొర గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, మీ బార్స్ పాడైంది అక్కడే కాబట్టి. 150 గ్రాముల మారీ బిస్కెట్లు, 40 గ్రాములు వేయించి పొట్టు తీసిన శెనక్కాయ విత్తనాలు. ఈ శెనక్కాయలు నేను చూసిన రెసిపీల్లో లేవు, ఇది నేను పెట్టుకున్నది, మన రాయలసీమలో వీటికి కరువు లేదు, వేయించిన శెనక్కాయ కాఫీతో ఎంత బాగా కలుస్తాదో తింటేనే తెలుస్తాది, పైగా అడుగు గట్టిగా కరకరలాడతా ఉంటాది. వచ్చే వాళ్ళలో ఎవరికైనా శెనక్కాయలు పడవేమో ముందే అడగండి, అట్లా ఉంటే బదులు ఇంకో 40 గ్రాములు బిస్కెట్ వేసేయండి. రెండూ మిక్సీలో బరకగా పొడి చేసి, రెండు టీ స్పూన్ల చక్కెర, 80 గ్రాముల కరిగించిన వెన్న కలపండి, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాల. ఉప్పు ఉన్న టేబుల్ బటర్ వాడితే వేరే ఉప్పు వద్దు. ట్రేలో బట్టర్ పేపర్ రెండు వైపులా పైకి వచ్చేట్టు పరిచి, ఈ పొడి పోసి, అడుగు సమంగా ఉన్న స్టీల్ గ్లాసుతో బాగా నొక్కండి, ముఖ్యంగా మూలల్లో. దాన్ని ఖాళీగానే 170 డిగ్రీల్లో 10 నిమిషాలు కాల్చాల. ఈ పని మీరు చేయలేదు, పచ్చి అడుగు మీదే చీజు పోసేసినారు, అది తడిని పీల్చక ఏం చేస్తాది. కాల్చి తీసినాక వేడి మీదే 40 గ్రాముల డార్క్ చాక్లెట్ తురుము చల్లి, రెండు నిమిషాలాగి స్పూన్ వెనక వైపుతో పలచగా పామేయండి, ఫ్రిజ్‌లో పావు గంట పెడితే గట్టిపడతాది. చాక్లెట్‌లో ఉండేది కొవ్వు, నీళ్ళు దాన్ని దాటి కిందికి సులభంగా దిగవు.

పైన పోసే మిశ్రమానికి సామాన్లన్నీ బయట పెట్టుకోండి, చీజు, పెరుగు, గుడ్లు ఒకే చల్లదనంలో ఉండాల. పుస్తకాల్లో గంట, గంటన్నర ముందు తీసిపెట్టమంటారు, అది చలి దేశాల లెక్క, మన దగ్గర మే నెలలో పావు గంట, ఇరవై నిమిషాలు చాలు, గంట పెడితే చీజు మరీ మెత్తబడిపోతాది. 400 గ్రాముల చీజు, 120 గ్రాముల పొడి చేసిన చక్కెర, చిటికెడు ఉప్పు, ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్ వేసి గడ్డలు లేకుండా కలపండి, గడ్డలు తీయాల్సింది ఇప్పుడే, గుడ్డు పడినాక కాదు. తర్వాత పెరుగు, ఆ కాఫీ లిక్యూర్ మిశ్రమం, అర టీ స్పూన్ వెనిలా. చివర్లో రెండు గుడ్లు, ఒకటి కలిసినాక ఇంకొకటి, మెషిన్ పక్కన పెట్టేసి చేత్తో విస్క్‌తో నిదానంగా. గుడ్డు పడినాక మెషిన్‌తో గిలకొడితే గాలి చేరుతాది, ఓవెన్‌లో ఆ గాలి ఉబ్బి పైకి లేస్తాది, బయటికి తీస్తే కుంగిపోతాది, బీటలు రావడానికి అదొక కారణం. ట్రేలో పోసినాక గట్టు మీద నాలుగుసార్లు తట్టండి, బుడగలు పైకి వస్తాయి, టూత్‌పిక్‌తో పగలగొట్టేయండి.

బేకింగ్. చిన్న ఓటీజీలో పైన రాడ్ ట్రేకి మరీ దగ్గరగా ఉంటాది, లోపల ఉడక్క ముందే పైన మాడుతాది. కాబట్టి ముందు 15 నిమిషాలు రెండు రాడ్లతో వేడి చేసి, ట్రే పెట్టినాక కింది రాడ్ మాత్రమే ఉంచండి, 150 డిగ్రీలు. ట్రే మధ్య అరలో, కింద అరలో ఒక గిన్నెలో మరిగే నీళ్ళు పెట్టండి. పెద్ద గుండ్రటి చీజ్‌కేక్‌కి చేసినట్టు ట్రేనే నీళ్ళలో కూర్చోబెట్టాల్సిన పని బార్స్‌కి లేదు, ఇవి పలచగా ఉంటాయి. డయల్ మీద 150 అని ఉన్నా లోపల 170 ఉండొచ్చు, మన వోల్టేజీ ఎక్కేది దిగేది చూస్తానే ఉంటాం కదా, ఒక ఓవెన్ థర్మామీటర్ కొనుక్కోండి, ఎన్ని మంచి రెసిపీలు చదివినా దానంత మేలు చేయవు. 30 నుంచి 35 నిమిషాలు పడతాది, కానీ 25 నుంచే చూడడం మొదలుపెట్టండి. అంచు రెండు వేళ్ళ వెడల్పు గట్టిపడి, ట్రే కదిలిస్తే మధ్యలో మాత్రం తోడుకున్న గడ్డ పెరుగు గిన్నె కదిలించినట్టు వణకాల, అప్పుడే ఆపేయాల. నీళ్ళలాగా అలలు వస్తే ఇంకా ఉంది, అస్సలు కదలకపోతే దాటిపోయింది. గుచ్చే థర్మామీటర్ ఉంటే మధ్యలో 65, 66 డిగ్రీలు చూపించాల, 70 దాటితే గుడ్డులోని ప్రోటీన్ బిగుసుకుని నీళ్ళు బయటికి తోస్తాది, బీటకీ అడుగు తడికీ ఇది కూడా కారణమే. చాకు గుచ్చి శుభ్రంగా వస్తే అయినట్టు అనేది స్పాంజ్ కేకుకి, దీనికి కాదు.

ఆపినాక వెంటనే బయటికి లాగొద్దు. తలుపు సందులో చెక్క గరిటె పెట్టి అట్లే అరగంట వదిలేయండి, తర్వాత బయట గంట. పూర్తిగా చల్లారినాకనే ఫ్రిజ్‌లోకి, వేడి మీద మూత పెడితే ఆవిరి నీళ్ళయి పైన కారుతాది. ఆరు గంటలకి తక్కువ కాకుండా ఫ్రిజ్‌లో ఉండాల, రాత్రి చేసి పొద్దున కోయడం అన్నిటికన్నా సుఖం, పైగా ఒక రాత్రి గడిచినాకే కాఫీ వాసన చీజులో బాగా దిగుతాది. కోసేటప్పుడు పేపర్ అంచులు పట్టుకుని మొత్తం పైకి ఎత్తి, పొడుగు చాకుని వేడి నీళ్ళలో ముంచి తుడిచి కోయండి, ప్రతి గీతకీ మళ్ళీ ముంచి తుడవండి. 8 అంగుళాల ట్రేకి 16 ముక్కలు.

అన్నీ చేసినా సన్న బీట వస్తే కంగారొద్దు, 100 గ్రాముల డార్క్ చాక్లెట్, 60 ఎం.ఎల్ వేడి ఫ్రెష్ క్రీమ్, ఒక స్పూన్ లిక్యూర్ కలిపి పైన పోసేస్తే కప్పేస్తాది.

కహ్లూవా అందరికీ దొరకదు, దొరికినా ధర ఎక్కువ, దాని కోసం చెన్నైకో బెంగళూరుకో చెప్పి తెప్పించేవాళ్ళు పక్క రాష్ట్రం సీసా మీద ఎక్సైజ్ రూల్ ఏముందో కనుక్కునే తెప్పించండి. ఇంట్లో చేసుకోవడం దీనికన్నా సులభం. 100 ఎం.ఎల్ బాగా చిక్కటి మొదటి డికాక్షన్, అది కూడా చికోరీ లేని పొడితో, అరకు అరబికా దొరికితే చానా బాగుంటాది, అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, పండు లాంటి సువాసన ఉంటాది దాంట్లో. అందులో 100 గ్రాముల చక్కెర కరిగించి పూర్తిగా చల్లార్చి, 120 ఎం.ఎల్ డార్క్ రమ్ము, ఒక టీ స్పూన్ వెనిలా కలిపి సీసాలో పోసి వారం ఉంచండి. మన రమ్ము 42.8 శాతం ఉంటాది కాబట్టి ఈ కొలతకి లిక్యూర్ సుమారు 18 శాతానికి వస్తాది, కొన్న దానికి దగ్గరే. రమ్ము స్టవ్ దగ్గర పోయొద్దు, వేడి దాంట్లో పోయొద్దు, ఆవిరికి మంట అంటుకుంటాది. చక్కెర బదులు సగం చిత్తూరు బెల్లం వేసినా బాగుంటాది, కరిగించి బట్టలో వడగట్టి వేయండి, మడ్డి ఉంటాది. బెల్లం పాలను విరగ్గొడతాది కదా అని భయం వద్దు, చీజు, పెరుగు ముందే పులిసినవి, అవి కొత్తగా విరిగేది ఏమీ లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. బేక్ చేస్తే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతాది అనేది నిజం కాదమ్మా. వంటలో కలిపి అరగంట ఉడికించినా, బేక్ చేసినా సుమారు 35 శాతం మిగిలే ఉంటాదని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో ఉంది. పైగా ఆల్కహాల్ మరిగేది 78 డిగ్రీల దగ్గర, మన బార్స్ మధ్యలో 66 దగ్గరే ఆపేస్తా ఉన్నాం. లెక్క చూస్తే 45 ఎం.ఎల్ లిక్యూర్‌లో 20 శాతం అంటే 9 ఎం.ఎల్ ఆల్కహాల్, మూడో వంతు మిగిలితే 3 ఎం.ఎల్, 16 ముక్కలకి పంచితే ముక్కకి 0.2 ఎం.ఎల్. కొంచెమే. బీట కప్పడానికి పైన పోసే ఆ చాక్లెట్ క్రీమ్‌లో వేసిన స్పూన్ లిక్యూర్ మాత్రం ఓవెన్ చూడదు, దాదాపు అట్లే ఉంటాది. కొంచెమే అయినా పిల్లలకి పెట్టొద్దు, కడుపుతో ఉన్న వాళ్ళకి వద్దు, మందు మానేసి నిలబడి ఉన్న వాళ్ళకి అసలే వద్దు, వాళ్ళకి ఆ వాసన కూడా కష్టం. పెద్దవాళ్ళకి పెట్టేటప్పుడు కూడా ఇందులో లిక్యూర్ ఉందని ముందే చెప్పి పెట్టండి. ఇది నేను చానా పట్టుగా చెప్పే మాట. మన ఊర్లో ఎంతో మందికి వ్రతాలు, మొక్కులు ఉంటాయి, పెరటాసి (సెప్టెంబర్, అక్టోబర్‌లో వచ్చే తమిళ నెల) అంతా మాంసం, మందు దరి చేరనీయని ఇళ్ళు ఎన్నో, మాల వేసుకున్న వాళ్ళు ఉంటారు, శనివారం ఒంటి పూట ఉండే వాళ్ళు ఉంటారు, తెలీకుండా వాళ్ళ నోట్లో పెట్టి తర్వాత చెప్తే వాళ్ళ మనసు ఎంత నొచ్చుకుంటాదో ఆలోచించండి. డబ్బాలు కూడా వేరు వేరుగా, పైన పేరు రాసి పెట్టండి. ఇంకొకటి, ఇవి తీసుకుని కారులో కొండకి మాత్రం పోవొద్దు. తిరుమల మీద మద్యం నిషేధం, అలిపిరి దగ్గర సామాన్లు చూస్తారు, అది సరే, చూడకపోయినా తీసుకుపోకూడదు.

పిల్లలకి, మందు ముట్టని వాళ్ళకి లిక్యూర్ లేనిది చేయండి, రుచిలో పెద్ద తేడా రాదు, నాకు ఆర్డర్లలో వచ్చేది ఎక్కువ ఇదే. 60 ఎం.ఎల్ చిక్కటి డికాక్షన్‌లో 40 గ్రాముల బెల్లం వేసి 45 ఎం.ఎల్ అయ్యే దాకా మరిగించి వడగట్టి చల్లార్చి, లిక్యూర్ బదులు వేసేయండి, చక్కెర 120 బదులు 90 వేయండి, మిగతాదంతా మామూలే.

మీ అత్తగారికి గుడ్డు లేనిది. 300 గ్రాముల క్రీమ్ చీజ్, 200 గ్రాముల గట్టి పెరుగు, 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, పైన చెప్పిన డికాక్షన్ బెల్లం పాకం రెండు టేబుల్ స్పూన్లే, కాఫీ పొడి అదే కొలత, చక్కెర వేరే వద్దు. గుడ్డు లేదు కాబట్టి ఇది గట్టిపడేది పెరుగుతో, పిండితో, పిండి సరిగ్గా ఉడకాలంటే ఎక్కువ వేడి కావాల, అందుకే 160 డిగ్రీల్లో 40 నిమిషాల దాకా పెట్టొచ్చు, మధ్యలో వణుకు గుడ్డు దానికన్నా తక్కువ ఉండాల. దీనికి గుచ్చే థర్మామీటర్ లెక్క పని చేయదు, కంటితోనే చూసుకోవాల. ఆమె గుడ్డు గిన్నెలు కూడా వేరు పెట్టే మనిషైతే ముందు ఆమె ట్రే చేసేసి, తర్వాత మీది మొదలుపెట్టండి, విస్క్ కూడా వేరేది.

ఫ్రిజ్‌లో మూత పెట్టి నాలుగు రోజులు బాగుంటాయి, ముక్కకి ముక్క మధ్య పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో అయితే నెల. బయట మాత్రం జాగ్రత్త, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకి మించి బయట ఉంచొద్దు, మన దగ్గర ఏడాదిలో చానా నెలలు అంతే కదా. చిత్తూరులో పుట్టింటికి తీసుకుపోవాలంటే 70 కిలోమీటర్ల దారి, ముందు రోజు ముక్కల్ని ఫ్రీజర్‌లో గట్టిపరిచి, ఐస్ ప్యాకులు వేసిన డబ్బాలో పెట్టుకుని పోండి, చేరేసరికి తినే మెత్తదనానికి వస్తాయి. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవొద్దు. ఈసారి చేసినప్పుడు ఓవెన్‌లో ఎన్ని నిమిషాలు పట్టిందో, థర్మామీటర్ ఎంత చూపించిందో రాసి పెట్టండి, ఇంకా ఏమైనా తేడా వస్తే ఆ రెండు అంకెలు చెప్తే చాలు, ఎక్కడ సర్దాలో చెప్తాను.